ఓడల్లో, షిప్‌యార్డ్‌లో పనిచేసినవాళ్లకు ఆస్బెస్టాస్ జబ్బులు: చెన్నై తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న తూర్పు తీరంలోని ఒక షిప్‌యార్డ్‌లో 31 ఏళ్లు బాయిలర్ ఫిట్టర్‌గా చేశారు. రిటైరయ్యాక అమ్మతో కలిసి పెరంబూర్‌లో మా ఇంటికి వచ్చేశారు. ఆయన జబ్బు పేరేమిటో తెలియడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. ఆ సంగతి ఒకరిద్దరికి తెలిశాక ఫోన్లు మొదలయ్యాయి. విశాఖ నుంచి పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన మాజీ నేవీవాళ్లు, హార్బర్‌లో కాంట్రాక్ట్ మీద పనిచేసిన రాయపురం, కొరుక్కుపేట వాళ్లు, వాళ్ల కోడళ్లు, అల్లుళ్లు. అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే రాసి పెట్టాను. నేను డాక్టర్‌ని కాదు, లాయర్‌నీ కాదు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసుకుంటాను. కాగితాలు వెతకడం, సర్దడం మాత్రం బాగా వచ్చు. ఈ వ్యవహారంలో సగం పని అదే.

ఆస్బెస్టాస్ అంటే ఇంటిమీద వేసే రేకులే కదా? ఓడలతో ఏం సంబంధం?

రేకుల్లో ఎక్కువ భాగం సిమెంటే. అందులో కొద్దిపాళ్లలో కలిపేది ఆస్బెస్టాస్. అది ఒక రాయి. కానీ దూదిలా పోగులు పోగులుగా విడిపోయే రాయి. అందుకే తెలుగులో రాతినార అన్నారు. తమిళంలో కూడా అదే మాట: కల్నార్. కల్ అంటే రాయి, నార్ అంటే నార. మన కడప జిల్లా పులివెందుల వైపు ఈ రాతినార గనులు ఉండేవి కాబట్టి అక్కడి పెద్దవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

ఇది కాలదు, వేడిని ఆపుతుంది, ఉప్పునీటికి పాడవదు, తాడులా పేనవచ్చు, గుడ్డలా నేయవచ్చు, పైగా చవక. ఆవిరితో నడిచే ఓడకు ఇంతకన్నా ఏం కావాలి? 1930ల నుంచి 1970ల దాకా ప్రపంచమంతా యుద్ధనౌకల్లో, సరుకు ఓడల్లో దీన్ని నింపేశారు. తెల్లది, గోధుమరంగుది, నీలంది అని రకాలున్నాయి. మూడూ క్యాన్సర్ తెచ్చేవే. తెల్లది మంచిదని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది దాన్ని అమ్ముకునేవాళ్లే.

ఓడలో అది ఎక్కడెక్కడ ఉండేది?

బాయిలర్ చుట్టూ, ఆవిరి పైపుల మీద, టర్బైన్ మీద, పంపుల్లో, గాస్కెట్లలో, గ్లాండ్ ప్యాకింగ్‌లో, వించ్ బ్రేకుల్లో, కరెంటు కేబుళ్ల తొడుగుల్లో, గదుల మధ్య గోడల పలకల్లో, నిప్పు ఆపే తలుపుల్లో. కొన్ని నౌకల్లో గోడల మీద, పైకప్పు మీద పిచికారీ కూడా చేసేవారు.

నాన్న చెప్పిన లాగింగ్ పని ఇలా ఉండేది. బస్తాలో తెల్లపొడి వస్తుంది. దాన్ని డ్రమ్ములో నీళ్లు పోసి చేత్తోనే కలిపి, గోడకు మట్టి మెత్తినట్టు పైపుకు మెత్తుతారు. దానిమీద గుడ్డ చుట్టి, కుట్టి, రంగు వేస్తారు. తడిగా ఉన్నంతసేపూ పెద్దగా ఇబ్బంది లేదు. బస్తా గుమ్మరించేటప్పుడు ఒకసారి దుమ్ము లేస్తుంది. అసలు దుమ్మంతా నాలుగైదేళ్ల తర్వాత, ఓడ రీఫిట్‌కి, అంటే పెద్ద మరమ్మతుకు వచ్చినప్పుడు. పైపు మార్చాలంటే పాత లాగింగ్‌ను సుత్తితో కొట్టి పీకాలి. ఎండి పెళుసుబారిన ఆ పూత పొడిపొడిగా రాలేది. బాయిలర్ రూమ్‌లో గాలి ఆడదు. లైటు వెలుతురులో ముగ్గుపిండి ఎగిరినట్టు కనబడేదట. మధ్యాహ్నం అక్కడే ఒక మూల కూర్చుని క్యారియర్ విప్పేవారు.

నేను లాగింగ్ పని చేయలేదు. ఫిట్టర్‌ని మాత్రమే. నాకెందుకు వస్తుంది?

నాన్న కూడా ఇదే అన్నారు. లాగర్లు వేరే, మేం వేరే అని. కానీ దుమ్ముకు ట్రేడ్ తెలియదు కదా. ఒకే కంపార్ట్‌మెంట్‌లో లాగర్ పీకుతుంటే పక్కన ఫిట్టర్, వెల్డర్, గ్యాస్ కట్టర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్ అందరూ పీల్చేవాళ్లే. సాయంత్రం చీపురు పట్టి ఊడ్చే హెల్పర్ మరీనూ.

పైగా ఫిట్టర్‌కు సొంత వాటా కూడా ఉంది. ఫ్లాంజ్ (పైపులను కలిపే చక్రం లాంటి అంచు) విప్పాక అంటుకుపోయిన పాత గాస్కెట్‌ను (లీకు కాకుండా మధ్యలో పెట్టే పలక) స్క్రేపర్‌తో గీకి, వైర్ బ్రష్ కొట్టేది ఎవరు? కొత్త గాస్కెట్ కోసం షీట్‌ను ఫ్లాంజ్ మీద పెట్టి అంచుల వెంట సుత్తితో తట్టి కత్తిరించేది ఎవరు? ఆ షీట్‌ను యార్డ్‌లో సీఏఎఫ్ అనేవారు. అందులో ‘ఏ’ అంటే ఆస్బెస్టాస్. 31 ఏళ్లు సీఏఎఫ్ అని పలికిన మనిషికి ఆ అక్షరం దేనికో ఎవరూ చెప్పలేదు.

నేవీలో అయితే ఇంజిన్ రూమ్, బాయిలర్ రూమ్ డ్యూటీ చేసిన స్టోకర్లు, మెకానికల్ ఇంజనీర్లు, ఆర్టిఫిసర్లు, షిప్‌రైట్లు, డ్యామేజ్ కంట్రోల్ పని చేసినవాళ్లు ముందు వరుసలో ఉంటారు. నౌకలో మనిషి పనిచేసేదీ, తినేదీ, పడుకునేదీ అక్కడే. పడక మీదుగానే లాగింగ్ చుట్టిన పైపు పోతుంది. ఫ్యాక్టరీ కార్మికుడికి ఎనిమిది గంటల తర్వాతైనా బయటి గాలి దొరికేది.

రిటైరై 20 ఏళ్లు దాటింది. అప్పుడు రాని జబ్బు ఇప్పుడెలా వస్తుంది?

ఆస్బెస్టాస్ జబ్బులు అలాగే వస్తాయి. ఈ పోగులు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. ముక్కు వడగట్టలేదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. లోపల చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు వీటిని మింగబోతాయి కానీ పొడవాటి పోగు వాటి పొట్టలో పట్టదు, అరగదు. కణం చచ్చిపోతుంది, పోగు అలాగే ఉంటుంది, ఇంకో కణం వస్తుంది. ఏళ్ల తరబడి ఈ వాపు, ఈ మచ్చ కట్టడం జరుగుతూనే ఉంటుంది. ఊపిరితిత్తులు బిరుసెక్కే ఆస్బెస్టోసిస్ బయటపడడానికి మామూలుగా 10 నుంచి 30 ఏళ్లు, మెసోథీలియోమా అనే క్యాన్సర్‌కు 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. 1975లో పీల్చిన దుమ్ము 2015లో మంచం ఎక్కించవచ్చు.

ఏయే జబ్బులు వస్తాయి?

అన్నిటికన్నా ఎక్కువగా కనబడేవి ప్లూరల్ ప్లాక్స్. ఊపిరితిత్తుల పైపొర మీద గట్టిపడ్డ మచ్చలు. ఇవి సాధారణంగా బాధ పెట్టవు, క్యాన్సర్‌గా మారవు. కానీ ఈ మనిషి ఆస్బెస్టాస్ పీల్చాడు అని చెప్పే సాక్ష్యం అవి. అదే పొరలో నీరు చేరవచ్చు, పొర మొత్తం దళసరి కావచ్చు.

ఆస్బెస్టోసిస్ అంటే ఊపిరితిత్తులే బిరుసెక్కడం. మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు, కొందరికి గోళ్లు ఉబ్బి గుండ్రంగా వంగడం. డాక్టర్ వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెడితే వెల్క్రో పట్టీ విప్పినట్టు చిటపట వినిపిస్తుంది. ఇది తగ్గే జబ్బు కాదు.

ఇక క్యాన్సర్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా, స్వరపేటిక క్యాన్సర్, ఆడవాళ్లలో అండాశయ క్యాన్సర్. వీటికి ఆస్బెస్టాస్ కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. మెసోథీలియోమా అనేది ఊపిరితిత్తుల పైపొరకో, పొట్ట లోపలి పొరకో వచ్చే అరుదైన క్యాన్సర్. ఇది వచ్చిందంటే డాక్టర్ మొదట అనుమానించాల్సింది ఆస్బెస్టాస్‌నే.

మా మామగారికి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు వాడినా తగ్గలేదు. ఇది అదేనా?

నేను చెప్పలేను. కానీ ఈ ప్రశ్న దగ్గర మా ఇంట్లో జరిగింది చెప్తాను.

నాన్నకు కుడివైపు నీరు చేరింది. ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాం. మన దేశంలో ఊపిరితిత్తుల పొరలో నీరు చేరితే ముందు టీబీయే గుర్తొస్తుంది, అందులో తప్పేమీ లేదు, ఎక్కువసార్లు అదే నిజం కూడా. నీరు తీశారు, మందులు రాశారు. నెలకోసారి వెళ్లేవాళ్లం. బరువు చూసేవారు, ఎక్స్‌రే చూసేవారు, కొనసాగించమనేవారు. కోర్సు అయిపోయింది, ఆయాసం పెరిగింది. ఇంకో మూడు నెలలు పొడిగించారు. అన్ని నెలల్లో ఆయన ఏం పని చేసేవారో ఒక్కరూ అడగలేదు. ఓపీ చీటీలో వృత్తి అన్న గడి ఉంది. అందులో ‘రిటైర్డ్’ అని రాసింది నేనే. ఆ తప్పులో నాకూ భాగముంది.

తర్వాత వేరే చోట, ఇంకా చదువుకుంటున్న ఒక డాక్టరమ్మ ఆయన చేతివేళ్లు పట్టుకుని గోళ్లు చూస్తూ, “తాత్తా, ఎన్న వేల పాత్తీంగ?” అంది. ఏం పని చేసేవారు అని. నాన్నకు తమిళం అంతంతమాత్రం. “షిప్‌యార్డ్... బాయిలర్” అన్నారు. ఆవిడ రాయడం ఆపేసి తలెత్తి చూసింది. మర్నాడు హెచ్‌ఆర్‌సీటీ, అంటే ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్. రెండు వైపులా సున్నం గట్టిన ప్లాక్స్, అడుగున ఆస్బెస్టోసిస్.

అలాగని టీబీ మందులు మీ అంతట మీరు ఆపకండి. టీబీ కూడా ఉండవచ్చు, రెండూ కలిసి కూడా ఉండవచ్చు. మందులు వాడుతూనే డాక్టర్‌కు పని సంగతి చెప్పండి. నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే, ఛాతీలో ఒకవైపు నొప్పి తగ్గకపోతే, పొర నుంచి ముక్క తీసి బయాప్సీ చేయాలా అని అడగండి. నీటి పరీక్ష ఒక్కదానితో మెసోథీలియోమా తేలడం కష్టం.

చెన్నైలో ఎక్కడికి వెళ్లాలి?

ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి. సర్కారు ఆస్పత్రుల్లో తాంబరం శానిటోరియంలోని ఛాతీ ఆస్పత్రి దీనికే ఉంది. లోకల్ ట్రైన్ స్టేషన్ పేరే శానిటోరియం, వెతుక్కోనక్కర్లేదు. ఉత్తర చెన్నైవాళ్లకు స్టాన్లీ దగ్గర. క్యాన్సర్ అనుమానం ఉంటే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. ముత్తులక్ష్మి రెడ్డి గారి పట్టుదలతో 1954లో మొదలైన ఆస్పత్రి అది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు కె.కె.నగర్, అయనావరం ఆస్పత్రులు ఉన్నాయి. మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకుంటే ప్యానెల్ ఆస్పత్రులకు వెళ్లవచ్చు. వృత్తి జబ్బుల మీద ప్రత్యేకంగా పనిచేసే జాతీయ సంస్థ అహ్మదాబాద్‌లో ఉంది. దాని దక్షిణాది కేంద్రం బెంగళూరులో.

తమిళం రాని పెద్దవాళ్లు రెండు మాటలు నేర్చుకుని వెళ్తే చాలు: “కప్పల్ వేల, కల్నార్ తూసి.” ఓడ పని, రాతినార దుమ్ము. “మూచ్చు వాంగుదు” అంటే ఆయాసం వస్తోందని.

ఏ పరీక్షలు చేస్తారు?

ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష, హెచ్‌ఆర్‌సీటీ. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, సీటీలో కనబడుతుంది. అవసరమైతే బయాప్సీ. ఫిల్ములు, సీడీలు పారేయకండి. పదేళ్ల కిందటి ఎక్స్‌రే ఇప్పుడు బంగారం.

ఏ ఇబ్బందీ లేదు. అయినా పరీక్ష చేయించుకోవాలా?

ఏళ్ల తరబడి బాయిలర్ రూమ్‌లోనో రీఫిట్ పనిలోనో ఉన్నవాళ్లు ఒకసారి డాక్టర్‌కు చెప్పి ఎక్స్‌రే, ఊదే పరీక్ష చేయించి కాపీ దాచుకోవడం మంచిది. రేపు ఆయాసం వస్తే పోల్చుకోవడానికి ఉంటుంది. ఏటా సీటీ తీయించుకుని టెన్షన్ పడనక్కర్లేదు. దానికీ రేడియేషన్ ఉంటుంది.

సిగరెట్ మానేస్తే ఇప్పుడు లాభముందా?

చాలా ఉంది. ఆస్బెస్టాస్, పొగ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడికలా కాదు, దాదాపు గుణకారంలా పెరుగుతుంది. 1960ల్లో న్యూయార్క్‌లో ఇన్సులేషన్ కార్మికుల మీద డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్ బృందం చేసిన అధ్యయనాలతో ఇది లోకానికి తెలిసింది. ఉన్న రెండు నిప్పుల్లో ఒకదాన్ని మనం ఆర్పవచ్చు. మెసోథీలియోమాకు మాత్రం సిగరెట్‌తో సంబంధం లేదు. పొగ తాగాడు కాబట్టే వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చుట్ట, బీడీ కూడా సిగరెట్ లెక్కే.

ఇంట్లో ఆడవాళ్లకు ప్రమాదం ఉంటుందా?

ఉంటుంది. మా అమ్మ నాన్న బాయిలర్ సూట్‌ను పెరట్లో గోడకేసి నాలుగుసార్లు దులిపి, తర్వాత నానబెట్టేది. దులపకపోతే బకెట్ అడుగున తెల్లటి మడ్డి మిగిలేదట. యార్డ్ నుంచి తెచ్చిన తెల్లటి మందపు గుడ్డ ముక్క ఒకటి వంటింట్లో మసిగుడ్డగా ఉండేది. ఎంత వేడి గిన్నె పట్టుకున్నా చెయ్యి కాలదని అమ్మకు దానిమీద మహా మక్కువ. అది ఏ గుడ్డో వేరే చెప్పాలా. నాన్న సీటీ వచ్చాక డాక్టరమ్మ చెబితే అమ్మకూ తీయించాం. ఆమెకూ ప్లాక్స్ ఉన్నాయి. ఆయాసం లేదు, ఇప్పటికి బాగానే ఉంది.

భర్త బట్టలు ఉతికి మెసోథీలియోమా వచ్చిన భార్యల కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి. కాబట్టి డాక్టర్ దగ్గర అమ్మ తన పని ‘ఇల్లు’ అని చెప్పి ఊరుకోకూడదు, ఇంటాయన పనేమిటో కూడా చెప్పాలి.

పని చరిత్ర రాసుకోమంటున్నారు. ఎలా రాయాలి?

ఫోన్ చేసిన ప్రతివారికీ నేను ముందు చెప్పే పని ఇదే. మనిషికి ఓపిక ఉన్నప్పుడే, జ్ఞాపకం ఉన్నప్పుడే రాయాలి. డాక్టర్‌కు, మెడికల్ బోర్డుకు, కోర్టుకు అన్నిచోట్లా ఇదే కాగితం పనికొస్తుంది.

ఒక నోటుబుక్ తీసుకోండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ యార్డ్ లేదా ఏ నౌక, ఏ షాపు, ఏ హోదా. ఇంతవరకు సర్వీస్ బుక్‌లో దొరుకుతుంది. దొరకనివి మనమే రాబట్టాలి. లోపల ఏ కంపార్ట్‌మెంట్‌లో పని? పక్కన ఎవరు ఏం చేసేవారు? బస్తా మీద ఏం రాసి ఉండేది? మాస్క్ ఇచ్చారా, ముక్కుకు గుడ్డ కట్టుకున్నారా? బట్టలు ఎక్కడ ఉతికేవారు? ఏ ఓడ రీఫిట్‌కి ఎన్ని నెలలు? నాన్నకు సంవత్సరాలు గుర్తుండేవి కావు. “మీ అన్నయ్య పుట్టినప్పుడు ఫలానా ఓడ డ్రై డాక్‌లో ఉంది” అనేవారు. మేం ఆ పుట్టినరోజులు పట్టుకుని సంవత్సరాలు రాశాం. అలా 14 ఓడల పేర్లు వచ్చాయి.

తర్వాత ఇద్దరు ముగ్గురు సహోద్యోగుల వాంగ్మూలాలు. వాళ్లూ పెద్దవాళ్లే కాబట్టి ఆలస్యం చేయకండి. గేట్ పాస్, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు, జీతం చీటీ, విశ్వకర్మ పూజ నాడు షాపులో తీసిన గ్రూప్ ఫోటో, ఏదైనా సాక్ష్యమే. ప్రభుత్వ యార్డ్ అయితే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో సర్వీస్ రికార్డు, ఏటా చేసిన మెడికల్ పరీక్షల కాపీలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అంత పాత మెడికల్ రికార్డులు వాళ్ల దగ్గర ఉంటాయా?

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు దాచాలంది. జబ్బు తేలిన కార్మికులకు లక్ష రూపాయల పరిహారం కూడా చెప్పింది. మాది ఓడల యార్డ్, ఆస్బెస్టాస్ పరిశ్రమ కాదు అని మీకు జవాబు రావచ్చు. మాకు వచ్చింది. అయినా అర్జీలో ఆ తీర్పును రాయండి. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పిన తీర్పు అది.

నేవీ పెన్షనర్లు ఏం చేయాలి?

సైనికులు కార్మికుల పరిహార చట్టం కిందకు రారు. వాళ్లకు ఉన్న దారి డిసేబిలిటీ పెన్షన్. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. సర్వీసులో ఉండగా కాక ఎన్నో ఏళ్లకు బయటపడడమే ఇక్కడ చిక్కు. అందుకే ఏ నౌకలో, ఏ బ్రాంచ్‌లో చేశారన్న రికార్డు ముఖ్యం. సెయిలర్ల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. అర్జీ రాయడానికి జిల్లా సైనిక్ బోర్డు సాయం చేస్తుంది.

తిరస్కరిస్తే అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. దాని ప్రాంతీయ బెంచ్ చెన్నైలోనే ఉంది. ఆంధ్ర, తెలంగాణ కేసులు కూడా ఇక్కడికే వస్తాయి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా వెళ్లాలి. చేరేటప్పుడు రాసి లేని జబ్బును సర్వీసు వల్ల వచ్చినదిగానే భావించాలని, కాదని నిరూపించే బరువు ప్రభుత్వానిదని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత 2023లో నిబంధనలు మార్చారు. అందుకని ఈ పనులు చేసే లాయర్‌నే పట్టుకోండి, ఇంటిపక్క సివిల్ లాయర్‌ని కాదు.

డాక్‌యార్డ్ సివిలియన్లు, ప్రైవేట్ యార్డ్, కాంట్రాక్ట్ లేబర్ సంగతి?

డాక్‌యార్డ్‌లో సివిలియన్‌గా చేసినవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు. వాళ్లకు అసాధారణ పెన్షన్ నియమాలు ఉన్నాయి, అక్కడ అడగాలి. మిగతావాళ్లకు ఈఎస్ఐ, అది లేకపోతే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. రెండింటి వృత్తి జబ్బుల జాబితాలోనూ ఆస్బెస్టోసిస్ ఉంది. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి రావడంతో ఆ పాత చట్టాల స్థానం మారింది. మీ కేసు పాతదాని కిందకు వస్తుందా, కొత్తదాని కిందకా అన్నది ముందు తేల్చుకోండి. క్లెయిమ్‌కు రెండేళ్ల గడువు ఉంటుంది. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది.

కాంట్రాక్ట్ లేబర్‌కు అన్నిటికన్నా కష్టం. మేస్త్రీ పిలిస్తే వెళ్లారు, కూలి చేతికిచ్చాడు, కాగితమే లేదు. మేస్త్రీ కూడా ఇప్పుడు లేడు. హార్బర్‌లో చేసిన ఒకాయన పాత ఎంట్రీ పాస్‌ను పూజ గదిలో పసుపు పొట్లం చుట్టడానికి వాడుకుంటున్నారు. తేదీ, ముద్ర చెదరలేదు. అదే ఆయనకు మిగిలిన ఏకైక ఆధారం.

మర్చంట్ నేవీలో చేసినవాళ్లు?

మీ సీడీసీ పుస్తకమే (ఓడ ఉద్యోగులకు ఇచ్చే సర్వీసు పుస్తకం) మీ పని చరిత్ర. ఓడ పేరు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ, హోదా అన్నీ అందులో ఉంటాయి. పోయిందంటే చెన్నైలోని షిప్పింగ్ మాస్టర్ ఆఫీసులో అడగండి.

అమెరికాలో కోట్లు ఇస్తున్నారట. మాకూ వస్తాయా?

మనవడు ఫోన్‌లో చూపించాడని చాలామంది అడుగుతారు. అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం నాటి షిప్‌యార్డ్‌లలో 40 లక్షలకు పైగా జనం పనిచేశారు. తర్వాత జబ్బులొచ్చాక సరుకు తయారుచేసిన కంపెనీల మీద కేసులు వేశారు. జాన్స్-మాన్‌విల్ అనే పెద్ద ఆస్బెస్టాస్ కంపెనీ ఆ కేసుల దెబ్బకే 1982లో దివాలా రక్షణ కోరింది. అలాంటి కంపెనీల డబ్బుతో పెట్టిన ట్రస్టుల నుంచి పరిహారం వస్తుంది. అక్కడి మాజీ సైనికులకు వాళ్ల ప్రభుత్వ పెన్షన్ వేరే. విశాఖలోనో చెన్నైలోనో పనిచేసిన మనవాళ్లకు అవి వర్తించవు. ఫీజు ముందు కడితే ఇప్పిస్తామన్న ఫోన్ వస్తే పెట్టేయండి. విదేశీ జెండా ఓడల్లో, విదేశీ యార్డ్‌లలో చేసినవాళ్ల సంగతి వేరు, వాళ్లు లాయర్‌ను అడగవచ్చు.

ఇప్పటి ఓడల్లో కూడా ఉంటుందా? మా అబ్బాయి కాట్టుపల్లిలో షిప్ రిపేర్‌లో చేరాడు.

అంతర్జాతీయ సముద్ర భద్రతా నియమాల ప్రకారం 2002 జూలై నుంచి ఓడల్లో కొత్తగా ఆస్బెస్టాస్ వాడకాన్ని కొన్ని మినహాయింపులతో నిషేధించారు. 2011 జనవరి 1 నుంచి మినహాయింపులు కూడా తీసేశారు. కానీ రిపేర్‌కు వచ్చేది కొత్త ఓడలే కాదు. పాత ఓడలో పైపు లాగింగ్, పాత గాస్కెట్ తాకేముందు అందులో ఏముందో అడిగే హక్కు మీ అబ్బాయికి ఉంది. చాలా ఓడల్లో ప్రమాదకర పదార్థాల జాబితా ఉంటుంది, సూపర్‌వైజర్‌ను చూపించమనాలి. పొడిగా పీకకూడదు, తడపాలి. ఊడ్చకూడదు, గాలి కొట్టకూడదు. గుడ్డ మాస్క్, సర్జికల్ మాస్క్ దీనికి పనికిరావు. పని బట్టలు ఇంటికి తేకూడదు.

పాత యుద్ధనౌకల్లో ఇది ఎంత ఉంటుందో చెప్పడానికి క్లెమెన్సో కథ చాలు. ఈ ఫ్రెంచ్ విమానవాహక నౌక విరగ్గొట్టడానికి 2005 డిసెంబర్ 31న గుజరాత్ అలంగ్‌కు బయలుదేరింది. లోపల ఎన్ని టన్నుల ఆస్బెస్టాస్ మిగిలిందో లెక్కలే తేలలేదు. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006 ఫిబ్రవరిలో అధ్యక్షుడు షిరాక్ దాన్ని వెనక్కి పిలిపించారు. చివరికి ఇంగ్లండ్‌లో విడగొట్టారు. మన దేశంలో 2019లో ఓడల రీసైక్లింగ్ చట్టం వచ్చింది కానీ యుద్ధనౌకలను దాని నుంచి మినహాయించారు. నాకైతే ఇది మింగుడు పడదు. అలంగ్ కూలీ పీల్చే దుమ్ముకు నౌక ఎవరిదన్న తేడా ఏముంది?

మా ఇంటిమీద సిమెంట్ రేకులున్నాయి. తీసేయాలా?

పగలకుండా గట్టిగా ఉన్న రేకు నుంచి పోగులు పెద్దగా రాలవు. కోయడం, రంధ్రాలు వేయడం, రుద్దడం, విరగ్గొట్టడం ప్రమాదం. తీయాల్సి వస్తే నీళ్లు కొట్టి, మొత్తం రేకును మొత్తంగా దించమనండి. ముక్కలను ఎక్కడపడితే అక్కడ పడేయకండి.

మెసోథీలియోమా అని తేలింది. ఎంతకాలం?

చాలామందికి ఏడాది, ఏడాదిన్నర. కొందరు ఇంకా ఎక్కువకాలం ఉంటారు. పెమెట్రెక్సెడ్ అనే మందుతో కలిపి ఇచ్చే కీమో, ఈమధ్య ఇమ్యునోథెరపీ ఆయుష్షును కొంత పెంచుతున్నాయి. ఇమ్యునోథెరపీ ఖర్చు లక్షల్లో. అప్పుచేసి మొదలుపెట్టే ముందు దాంతో ఎన్ని నెలలు కలిసొస్తాయో డాక్టర్‌ను సూటిగా అడగండి. నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం మొదటి రోజునుంచే అడగండి, ఆఖరి వారం దాకా ఆగకండి. ఆస్బెస్టోసిస్ ఉన్నవాళ్లకైతే ఫ్లూ, న్యుమోనియా టీకాలు, ఊపిరి వ్యాయామాలు, అవసరమైతే ఇంట్లో ఆక్సిజన్.

మనిషి పోయాక కూడా ఏమైనా చేయాలా?

డిపెండెంట్లకు, భార్యకు ఫ్యామిలీ పెన్షన్, పరిహారం క్లెయిములు ఉంటాయి. వాటన్నిటికీ మరణ కారణం రాసిన కాగితమే మూలం. ఆస్పత్రిలో పోతే డాక్టర్ ఫారం 4లో కారణం రాస్తారు, ఇంట్లో పోతే ఫారం 4ఏ. నాన్న పోయిన రాత్రి డ్యూటీ డాక్టర్ ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’ అని రాసి ఇచ్చాడు. అది ఎవరికైనా ఆగేదే కదా. అన్నయ్య ఆ కాగితం పట్టుకుని, సీటీ రిపోర్ట్ చూపించి, వెనక ఉన్న కారణం గడిలో ఆస్బెస్టోసిస్ అని రాయించే దాకా వార్డు గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి రాసిచ్చారు. అంబులెన్స్ అప్పటిదాకా కిందే ఆగి ఉంది.